విండ్‌సర్ఫింగ్ వచ్చినవాళ్లు కైట్ సర్ఫింగ్ నేర్చుకోవడం ఎలా: చెన్నై తీరం నుంచి సమగ్ర మార్గదర్శి

పదకొండేళ్లు బూమ్ (విండ్‌సర్ఫింగ్ సెయిల్‌ని, అంటే తెరచాపని, పట్టుకునే అడ్డకర్ర) పట్టుకున్న చేతులు నావి. చెన్నైకి దక్షిణాన ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్నాను, తర్వాత కోవళం దగ్గర సముద్రంలోకి దిగాను. గాలి బలిసిందంటే బూమ్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకోవడం, బరువంతా హార్నెస్ (నడుముకి కట్టుకునే పట్టీ) మీద వేసి వెనక్కి వాలడం నా ఒంటికి పట్టేసిన అలవాటు. కైట్ సర్ఫింగ్, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారడం, నేర్చుకోవడానికి వెళ్లిన రెండో రోజు ఆ అలవాటే నన్ను ఇసకలో ఈడ్చింది. తల మీద నిలకడగా ఉన్న కైట్‌కి ఒక గాలి విసురు తగిలింది. నేను బార్‌ను (కైట్‌ను నడిపే పిడిని) రెండు చేతులా గుండెలకేసి లాక్కున్నాను. అంతే, పదిహేను మీటర్లు బోర్లా పోయాను. వెనకాల నుంచి శిక్షకుడు "బార్ విడుంగ సార్, విడుంగ!" (వదలండి సార్, వదలండి) అని అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. వదిలిన మరుక్షణం కైట్ బలం చచ్చి, నేను ఆగిపోయాను. రాష్‌గార్డ్ లోపల గవ్వ ముక్కలు, పొట్ట మీద చీరుకుపోయిన గీతలు.

విండ్‌సర్ఫర్‌కి కైట్ నేర్పేటప్పుడు అసలు నేర్పాల్సింది ఆ ఒక్క మాటే. గాలి సంగతి మీకు తెలుసు. నీటి మీద నల్లగా కదిలొచ్చే మచ్చ చూసి విసురు వస్తోందని చెప్పగలరు. గాలికి ఎదురు ఎక్కడం తెలుసు, ఎవరికి ఎవరు దారివ్వాలో తెలుసు. కొత్తవాళ్లకి నెలలు పట్టే ఈ చదువంతా మీ దగ్గర ముందే ఉంది. ఆపదలో మీ చేతులు ఏం చేస్తాయన్నదే తేడా. హైదరాబాద్‌లో సంక్రాంతికి పతంగి ఎగరేసేవాళ్లు "ఢీల్ ఇవ్వు" అంటారే, ఆ మాట కండరాల్లోకి దిగాలి.

ముందు తేడా ఎక్కడుందో చూసుకోండి

సెయిల్ మీతోపాటే, మీ ఎత్తులోనే, మీకు తగిలే గాలిలోనే నిలబడుతుంది. కైట్ 20 నుంచి 24 మీటర్ల లైన్ల చివర ఉంటుంది. అక్కడి గాలి నీటి మట్టం దగ్గరికన్నా బలంగా ఉంటుంది. పైగా కైట్ కదులుతుంది. కదిలిన కొద్దీ తన గాలిని తానే పుట్టించుకుంటుంది. నిలబెట్టిన కైట్ మెల్లగా లాగుతుంది, అదే కైట్‌ను కిందికి దూకిస్తే మిమ్మల్ని నీళ్లలోంచి లేపేస్తుంది. సెయిల్‌తో బలం కావాలంటే లాగుతాం, కైట్‌తో బలం కావాలంటే ఎగరేస్తాం. ఈ వాక్యం ఒంటబట్టేసరికి నాకు నాలుగు రోజులు పట్టింది.

గాలి వేగం పెరిగితే బలం వర్గంగా పెరుగుతుందని మీకు తెలిసిందే. 12 నాట్స్ గాలి 17 అయితే సెయిల్ మీద బలం రెట్టింపు. కైట్ విషయంలో ఈ లెక్కకి కైట్ సొంత వేగం కూడా తోడవుతుంది. అందుకే "17 నాట్స్‌లో ఏడు మీటర్ల సెయిల్ ఆడించినవాణ్ణి, నాకేం" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఇంకో తేడా. విండ్‌సర్ఫింగ్‌లో భయం వేస్తే రిగ్‌ను (సెయిల్, దాని కర్రలు) నీళ్లలో పడేస్తాం, బోర్డెక్కి కూర్చుంటాం. అది తేలుతుంది, లంగరులా ఆపుతుంది. కైట్‌ను అలా పడేయలేం, అది మీ నడుముకి కట్టి ఉంటుంది. బదులుగా దానికి మూడు మెట్ల రక్షణ పెట్టారు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

చెన్నైలో ఎప్పుడు, ఎక్కడ

మన తీరం ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉండి తూర్పుకి చూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే అది కుడి చెంప మీద, కొంచెం ముందు నుంచి తగులుతుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి గాలి లేదు. ఏం జరిగినా మిమ్మల్ని ఒడ్డుకే తోస్తుంది.

జూన్, జూలైలో జాగ్రత్త. ఉదయం పూట పడమటి గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. దీన్నే తమిళ జాలర్లు కచ్చాన్ అంటారు. నీరు ఒడ్డు దగ్గర అద్దంలా కనిపించి ఆశ పెడుతుంది. ఆ గాలిలో కైట్ ఎగరేసినవాడు లోపలికే పోతాడు, తిరిగొచ్చే దారి ఉండదు. ఆ నెలల్లో సముద్రపు గాలి కొన్ని రోజులు సాయంత్రం దాకా రాదు. వచ్చేదాకా ఒడ్డున కూర్చోవడమే, లేదా ఇంటికి వెళ్లిపోవడమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. మొదటిసారి నేర్చుకునే కాలం కాదది.

మెరీనా, బెసెంట్ నగర్ బీచ్‌లు మనసులోంచి తీసేయండి. జనం, పిల్లలు, గుర్రాలు, బండ్లు. 24 మీటర్ల లైన్ బిగుసుకున్నప్పుడు కత్తిలా కోస్తుంది. గాలి వాలుకి కనీసం 50 మీటర్ల ఖాళీ లేని చోట కైట్ లేపకూడదు. కోవళం వైపు కూడా ఊరి ముందు ఫైబర్ బోట్లు, ఆరేసిన వలలు, లంగరు తాళ్లు ఉంటాయి. ఆ ఒడ్డు జాలర్లది. వాళ్లని అడిగి, పడవలు ఎటు దిగుతాయో తెలుసుకుని, దూరంగా జరగండి. సరుగుడు తోటలు, కరెంటు తీగలు గాలి వాలున ఉంటే ఆ చోటు వద్దు.

ఆగ్నేయ గాలి, ఆ కాలపు ఒడ్డు ప్రవాహం రెండూ ఉత్తరానికే తోస్తాయి. కోవళంలో దిగితే ముట్టుకాడు మొగ వైపు జారిపోతారు. మొగ తెరుచుకున్న రోజుల్లో, ఆటు సమయంలో అక్కడ నీరు సముద్రంలోకి లాగుతుంది. మొగకి చాలా దక్షిణాన మొదలుపెట్టండి. "ఇది దాటితే ఒడ్డెక్కేస్తాను" అని ఒక గుర్తు ముందే పెట్టుకోండి.

నిజం చెప్పాలంటే, వారం రోజులు సెలవు దొరికితే మొదటి పాఠాలకి రామేశ్వరం వెళ్లమంటాను. ఎండాకాలం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి, రెండు కాలాలూ అక్కడ నడుస్తాయి. దీవికి ఒక పక్క పాక్ జలసంధి, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. ఒక వైపు అల లేస్తే రెండో వైపు నీరు చదునుగా, లోతు తక్కువగా ఉంటుంది. నడుము లోతు నీళ్లలో నిలబడి తప్పులు చేయగలగడం ఎంత పెద్ద సుఖమో చెన్నై ఒడ్డున విరిగే అలల్లో నేర్చుకున్నవాడికే తెలుస్తుంది. శ్రీలంకలోని కల్పిటియ లగూన్ కూడా అలాంటిదే, అక్కడ మే నుంచి అక్టోబరు దాకా ముఖ్యమైన కాలం.

శిక్షకుడు లేకుండా నేర్చుకుందామనే ఆలోచన విండ్‌సర్ఫర్లకే ఎక్కువ వస్తుంది, నాకూ వచ్చింది. వద్దు. ఐకేఓ (అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న శిక్షకుణ్ణి చూసుకోండి. మామూలుగా పది పన్నెండు గంటల పాఠం పడుతుంది. విండ్‌సర్ఫింగ్ వచ్చినంత మాత్రాన మొదటి నాలుగు గంటలు తగ్గవు. తగ్గేవి చివరి గంటలు.

మొదటి మెట్టు: చిన్న కైట్, పొడి ఇసక

రెండు మూడు మీటర్ల ట్రైనర్ కైట్ ఒకటి దొరికితే చాలు. పొద్దున్నే, ఖాళీ ఒడ్డున, గాలికి వీపు పెట్టి నిలబడండి. మీ ముందు ఒక పెద్ద గడియారం ఊహించుకోండి. నడినెత్తిన 12, ఎడమ నేల మీద 9, కుడి నేల మీద 3. అంచుల వెంట కైట్ మెల్లగా, బలం లేకుండా పోతుంది. మధ్యలో, మీకు ఎదురుగా కిందికి దిగితే ఉన్న బలమంతా చూపిస్తుంది.

బార్‌ను సైకిల్ హ్యాండిల్‌లా తిప్పకూడదు. కుడి వైపు మీకేసి లాగితే కైట్ కుడికి తిరుగుతుంది. ఒంటి చేత్తో ఎగరేయండి. తర్వాత కైట్ వైపు చూడకుండా ఎగరేయండి. అది ఎక్కడుందో నడుముకి తగిలే లాగుడుని బట్టి చెప్పగలిగేదాకా ఇదే పని. మీరు ఇన్నేళ్లూ సెయిల్ వైపు చూడకుండానే నడిపారు కదా, ఆ జ్ఞానం ఇక్కడ త్వరగా తిరిగొస్తుంది.

రెండో మెట్టు: కట్టడం, తడిమి చూడడం, వదలడం

పెద్ద కైట్‌ను పంపుతో గాలి కొట్టి గట్టిపరచాలి. ముందంచు ట్యూబ్‌ను వేలితో మీటితే డప్పులా మోగాలి. గాలి కొట్టగానే ముందంచు గాలికి ఎదురుగా ఉండేలా బోర్లా తిప్పి, గుడ్డ మీద తడి ఇసక పోయండి. ఒక్క గుప్పెడు కాదు, దండిగా. ఇసక లేని కైట్ క్షణంలో లేచి మనుషుల మీదికి పోతుంది.

లైన్ల దగ్గర తొందరపడకండి. బార్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో లైన్‌ను వేళ్ల సందున పెట్టుకుని కైట్ దాకా నడవండి. ముందు లైన్లు రెండూ మధ్యలో, వెనక లైన్లు బయటి వైపు. బార్‌కి ఎరుపు రంగు ఉన్న పక్క ఎడమ. ఒక లైన్ ఇంకోదాని మీంచి పోయినట్టు వేళ్లకి తెలుస్తుంది, కళ్లకి ఎండలో తెలియదు. తప్పుగా తగిలించిన కైట్ లేస్తూనే మెలికలు తిరుగుతూ మిమ్మల్ని లాక్కుపోతుంది. నేను ఈ నడక రెండుసార్లు నడుస్తాను, ఇప్పటికీ.

ఇక మూడు మెట్ల రక్షణ. మొదటిది బార్ వదలడం. వదిలితే అది లైన్ల వెంట పైకి జారి, కైట్ గాలిని చాలా మటుకు జార్చేస్తుంది. రెండోది క్విక్ రిలీజ్. హార్నెస్ హుక్‌కి తగిలించిన చికెన్ లూప్ అనే వలయం దగ్గరి ఎర్ర పిడిని నెడితే కైట్ ఒక్క లైన్ మీద వేలాడి చచ్చుబడుతుంది. మూడోది, అప్పటికీ ఈడుస్తుంటే, నడుముకున్న లీష్ (కైట్‌ని మీకు కట్టి ఉంచే తాడు) పిన్ లాగేయడం. కైట్ పోతుంది, మీరు మిగులుతారు. ఈ వరస కళ్లు మూసుకుని, తలకిందులుగా, ఎడమ చేత్తో కూడా చేయగలగాలి. మేం గది గుమ్మానికి బార్ కట్టి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు వదులుతూ రోజుకి ముప్పైసార్లు చేశాం. పాత విండ్‌సర్ఫర్‌కి మొదటి మెట్టే కష్టం. విసురు తగలగానే వేళ్లు బిగుసుకుంటాయి. వేళ్లు విప్పడం ప్రతిక్రియగా మారేదాకా నీళ్లలోకి దిగకండి.

మూడో మెట్టు: లేపడం, దింపడం

చెన్నై ఆగ్నేయ గాలిలో సాయం పట్టేవాళ్లు కైట్‌తో నీటి వైపు నిలబడాలి, మీరు గట్టు వైపు. గుడ్డ రెపరెపలాడుతుంటే ఇంకా లేపకూడదు. అది ఆగి బిగుసుకునేలా మీరు రెండడుగులు జరగండి. ఆ తర్వాతే బొటనవేలు పైకెత్తి సైగ చేయండి. లేచిన కైట్‌ను 12 దాకా తెచ్చి ఒడ్డున కబుర్లు చెప్పుకునే అలవాటు వద్దు. ఒక విసురు చాలు, మనిషి గాల్లోకి లేచిపోతాడు. కైట్‌ను నీటి వైపు కిందుగా ఉంచి తిన్నగా సముద్రంలోకి నడవండి. దింపేటప్పుడు అరచేత్తో నెత్తి మీద తట్టుకుంటే "పట్టుకోండి" అని అర్థం.

నాలుగో మెట్టు: బోర్డు లేకుండా ఈదులాట

ఇది విండ్‌సర్ఫర్లు దాటేద్దామనుకునే పాఠం. దాటకండి. మన పాత ఆటలో బోర్డు మనల్ని వదిలి ఎక్కడికీ పోదు. కైట్‌లో పడిన ప్రతిసారీ మీరు గాలి వాలుకి కొట్టుకుపోతారు, బోర్డు మాత్రం గాలి ఎగువన మిగిలిపోతుంది. దాన్ని తాడుతో కట్టుకుందామంటే, లాగుడుకి అది రబ్బరులా తిరిగొచ్చి తలకి తగులుతుంది. కాబట్టి ఒంటితోనే గాలికి ఎదురు ఎక్కాలి.

కైట్‌ను ఒక పక్కకి కిందుగా, రెండు గంటల దగ్గరో పది గంటల దగ్గరో నిలపండి. వెళ్లే వైపు చెయ్యి నీళ్లలోకి చాచి, శరీరాన్ని కర్రలా నిటారుగా చేసి పక్కకి పడుకోండి. ఆ చెయ్యి, ఆ పక్కటెముకలే మీ ఫిన్ (బోర్డు కింది రెక్క). కొంత దూరం పోయి, కైట్‌ను 12 మీదుగా రెండో వైపుకి దాటించి, చెయ్యి మార్చండి. ఇలా అటూ ఇటూ మెలికలుగా ఎక్కితే బోర్డు దగ్గరికి చేరతారు. మధ్యలో ఫిన్ లేకుండా తేలే అనుభవం కాబట్టి మొదట వింతగా ఉంటుంది, కానీ గాలికి ఎదురు కోణం ఎంతో మీకు తెలుసు గనక ఒక పూటలో వస్తుంది.

నీళ్లలో పడిన కైట్‌ను మళ్లీ లేపడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. ఒక వెనక లైన్ లాగి పట్టుకుంటే, కైట్ ఆ పక్కకి దొర్లుతూ ఆ ఊహా గడియారం అంచుకి చేరుతుంది, అక్కడ రెక్క మీద నిలబడి లేస్తుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన లెగెన్యూ అన్నదమ్ములు 1984లో గాలి నింపే ట్యూబుల కైట్‌కి పేటెంట్ తీసుకున్నది ఈ ఒక్క పనికే. మునగని, తడిసినా లేవగల కైట్ వచ్చాకే ఇది సముద్రపు ఆట అయింది. ఆ తర్వాత 1990ల్లో హవాయిలోని మావీలో దాన్ని అందిపుచ్చుకున్నవాళ్లలో చాలామంది విండ్‌సర్ఫర్లే. 1976లో పదమూడేళ్ల వయసులో విండ్‌సర్ఫింగ్ ప్రపంచ విజేత అయిన రాబీ నేష్ వాళ్లలో ఒకడు. మన దారి అప్పటికే తొక్కిన దారి.

గాలి చచ్చిపోయి కైట్ లేవకపోతే క్విక్ రిలీజ్ నొక్కి, రక్షణ లైన్ మొదట బార్‌కి చుట్టి, తర్వాత మిగతావీ చుడుతూ కైట్ దాకా ఈదండి. కైట్‌ను పక్కకి తిప్పి రెండు కొనలూ పట్టుకుంటే అదే తెరచాప. ఒడ్డు వైపు గాలి ఉంటేనే ఇది పనిచేస్తుంది, కచ్చాన్ రోజు దిగవద్దన్నది అందుకే.

ఐదో మెట్టు: నీటిలోంచి లేవడం

గాలికి వీపు పెట్టి నీళ్లలో కూర్చుని, కైట్‌ను 12 దగ్గర ఉంచి, బోర్డు కాళ్లకి తొడుక్కోండి. మోకాళ్లు ఛాతీకి దగ్గరగా ముడవండి. చెన్నైలో లోపలికి పోయేటప్పుడు కుడి కాలు ముందు. కైట్‌ను కొంచెం ఎడమకి తెచ్చి, అక్కడి నుంచి కుడికి రెండు గంటల దాకా గట్టిగా దూకించండి. నడుము లేస్తుంది. అప్పుడు ముందు కాలు చాచి, బోర్డు ముక్కును కాస్త గాలి వాలుకి చూపించి, వేగం అందుకోనివ్వండి.

ఇక్కడ మనవాళ్లు చేసే తప్పులు నాకు కంఠస్థం, అన్నీ నేను చేసినవే. లేవడానికి బార్‌ను పట్టుకుని వేలాడతాం. బార్ కిందికి వస్తే వెనక లైన్లు బిగిసి, కైట్ ఊపిరాడనట్టు ఆగి, వెనక్కి పడిపోతుంది. సెయిల్‌ను అతిగా లోపలికి లాగితే గాలి తెగిపోయి బోర్డు చతికిలబడడం మీకు తెలుసు కదా, అదే ఇది. బార్‌ను వేళ్లతో పట్టుకోండి, బరువు హుక్‌కి ఇవ్వండి. లాగుడు ఇక్కడ పక్క నుంచి రాదు, పైకి వస్తుంది, కాబట్టి పాత నడుము హార్నెస్ పక్కటెముకల మీదికి ఎగబాకుతుంది. మొదట్లో సీటు హార్నెస్ నయం.

రెండో తప్పు వెనక కాలిది. ఫిన్‌ను తొక్కి తొక్కి వెనక కాలికి బరువు అలవాటైంది. ట్విన్ టిప్ (రెండు కొనలూ ఒకేలా ఉండే) బోర్డు మీద లేవగానే వెనక కాలు తొక్కితే బ్రేకు వేసినట్టే. ముందు వేగం రానివ్వండి, ఆ తర్వాతే మడమలు.

ఆరో మెట్టు: బయల్దేరిన చోటికి తిరిగి రావడం

మొదటి వారమంతా పోయిన చోటి నుంచి బోర్డు చంకన పెట్టుకుని దక్షిణానికి నడుస్తూ వస్తారు. మే నెల ఇసక కాలుతుంటుంది, చెప్పులు గట్టున ఒకరికి అప్పజెప్పండి. ఈ నడక తప్పించేది గాలికి ఎదురు ఎక్కడమే, ఇక్కడే మీ పాత చదువు వడ్డీతో తిరిగొస్తుంది.

కైట్‌ను ఊపడం ఆపి, 45 డిగ్రీల దగ్గర నిలపండి. గాలి సరిపోతుంటే అది కదలక్కర్లేదు. భుజాలు, చూపు గాలి ఎగువన ఉన్న ఒక గుర్తు మీదికి తిప్పండి. నడుము ముందుకి, భుజాలు వెనక్కి, మడమల మీద అంచు కొరికించండి. బోర్డు వదిలే నీటి గీత చూస్తే కోణం తెలుస్తుంది. బలం ఎక్కువైతే బార్‌ను కొంచెం పైకి వదలండి, అంచు ఇంకొంచెం తొక్కండి. విండ్‌సర్ఫింగ్‌లో వెనక చెయ్యి వదిలి గాలి జార్చే పని ఇదే, కాకపోతే రెండు చేతులూ కలిసి చేస్తాయి.

మలుపు మాత్రం హాయిగా ఉంటుంది. జైబ్ (గాలి వాలుకి తిరిగే మలుపు) కోసం మనం పెట్టిన ఏళ్లు ఇక్కడ అక్కర్లేదు. కైట్‌ను 12కి తెచ్చి, వేగం తగ్గి మునుగుతుండగా రెండో వైపుకి దూకిస్తే బోర్డు అటే పోతుంది. ఎదురెదురు వచ్చేవాళ్లలో గాలి ఎగువన ఉన్నవాడు కైట్ పైకి, దిగువన ఉన్నవాడు కిందికి. ఒడ్డు నుంచి బయల్దేరేవాడికి ఒడ్డుకి తిరిగొచ్చేవాడు దారివ్వాలి.

సామాను ఎప్పుడు, ఏది

మూడు రోజులు వరసగా బయల్దేరిన చోటే ఒడ్డెక్కాక సొంత కైట్ కొనండి, అంతకుముందు కాదు. 75 కిలోల మనిషికి 15 నుంచి 18 నాట్స్ గాలిలో 12 మీటర్ల కైట్ సరిపోతుంది. నేర్చుకునేటప్పుడు ఒక సైజు తక్కువే మేలు. రెండోది కొనగలిగితే 9 మీటర్లది. బోర్డు 140 సెంటీమీటర్ల చుట్టుపక్కల ట్విన్ టిప్. హెల్మెట్, తేలే వెస్ట్, లైన్లు కోసే చిన్న కత్తి తప్పనిసరి. చవగ్గా వస్తోందని ఇరవై ఏళ్లనాటి కైట్ తీసుకోకండి. 2005లో బౌ కైట్‌లు వచ్చాక గాని, బార్ వదిలితే బలం దాదాపు పూర్తిగా జారే ఏర్పాటు మామూలు కాలేదు. పాత కైట్‌లో మీరు వేళ్లు విప్పినా అది లాగుతూనే ఉంటుంది. ఇన్ని రోజులు కష్టపడి నేర్చుకున్న ప్రతిక్రియ అక్కడ మిమ్మల్ని కాపాడదు.

తక్కువ గాలి రోజులు చెన్నైలో చాలా ఉంటాయి గనక చివరికి మీ కన్ను ఫాయిల్ మీద, అంటే నీటి కింద రెక్కలుండి బోర్డును పైకి లేపే సామాను మీద, పడుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ మొదటిసారి వచ్చింది, మార్సెయ్ నీళ్లలో కైట్, విండ్‌సర్ఫింగ్ రెండూ ఫాయిల్ మీదే జరిగాయి. దాని జోలికి ఒక కాలం గడిచాక వెళ్లండి. ఆ పదునైన రెక్కల మీద పడడం వేరే సంగతి.

ఇంటికొచ్చాక కైట్, బార్ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండ గుడ్డను తినేస్తుంది. క్విక్ రిలీజ్‌ను మాత్రం ఒక కప్పు నీళ్లు పోసి, నాలుగైదుసార్లు నొక్కి మళ్లీ బిగించండి. దాని లోపల ఇసక రేణువొకటి ఇరుక్కుంటే, అవసరమైన రోజు అది కదలదు.